సామాజిక మాధ్యమం: ఏది అవును? ఏది కాదు?

(ఒక బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి)

ఈ రోజుల్లో "సోషల్ మీడియా" అన్న మాట వినని వారు లేరు. వార్తాపత్రికల్లో, శాసనసభల్లో, కోర్టు తీర్పుల్లో, చివరికి మా వూరి టీకొట్టు దగ్గర కూడా ఆ మాట దొర్లుతూనే వుంటుంది. పిల్లలు చదవడం లేదంటే సోషల్ మీడియా. ఎన్నికల్లో ఒకాయన గెలిచాడంటే సోషల్ మీడియా, ఇంకొకాయన ఓడిపోయాడన్నా సోషల్ మీడియాయే. అయితే "ఇంతకీ సోషల్ మీడియా అంటే ఏమిటండీ?" అని ఎవరినైనా నిలబెట్టి అడిగి చూడండి. ఫోన్లో కనిపించేదంతా అదే అని ఒకరంటారు. ఫేస్‌బుక్కూ ఇన్‌స్టాగ్రామూ మాత్రమే అని ఇంకొకరంటారు. మా హాస్టల్లో ఒక రాత్రి భోజనాలయ్యాక ఈ ప్రశ్న వేస్తే పదకొండు మంది పదకొండు జవాబులు చెప్పారు. వాట్సాప్ అందులోకి వస్తుందా రాదా అన్న దగ్గర వాదన ముదిరి, వార్డెన్ గారు వచ్చి కేకలేసేదాకా సాగింది.

మనం సైన్సు విద్యార్థులం. ద్రావణం పుల్లటి వాసన వేసినంత మాత్రాన ఆమ్లం అని రికార్డులో రాసేసి సంతకం పెట్టించుకోలేం. లిట్మస్ కాగితం ముంచి చూడాలి, రంగు మారాలి. ఈ మాటకు కూడా అలాంటి పరీక్ష ఒకటి కావాలి. ఇది వట్టి మాటల తగాదా కాదు. నేడు చట్టాలు ఈ మాట అర్థం మీద ఆధారపడి నడుస్తున్నాయి. ఒక్కోసారి రైతు చేలో పంట కూడా దీనిమీదే ఆధారపడుతుంది. అదెట్లాగో తరువాత చెబుతాను.

మాధ్యమం అంటే

భౌతికశాస్త్రంలో మాధ్యమం అన్న మాట మనకు పాతదే. ధ్వని ప్రయాణించడానికి గాలో, నీరో, ఇనుమో ఏదో ఒకటి మధ్యన వుండాలి. ఆ మధ్యనున్నది మారితే వేగం మారుతుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, నీటిలో సుమారు 1500 మీటర్లు పోతుంది. మనుషుల మాట కూడా ఇంతే. మాట అదే అయినా, అది ఏ దారిన వచ్చిందన్న దానిని బట్టి దాని వేగమూ, బలమూ మారిపోతాయి.

మన పల్లెల్లో మాటకు మూడు దారులుండేవి. మొదటిది ఉత్తరం. ఒకరు రాస్తే ఒకరు చదివేది. రెండవది దండోరా. ఒకరు చెబితే వూరంతా వింటుంది, విన్నవాడు తిరిగి చెప్పడానికి వీల్లేదు. మూడవది రచ్చబండ. అక్కడ అందరూ చెబుతారు, అందరూ వింటారు. టెలిఫోను ఉత్తరానికి తమ్ముడు. వార్తాపత్రిక, రేడియో, దూరదర్శన్ దండోరాకు వారసులు. కానీ రచ్చబండను వందల మైళ్ళ దూరానికి సాగదీయగల సాధనం ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా సామాన్యుడి చేతికి రాలేదు. అలా సాగదీసిన రచ్చబండే సామాజిక మాధ్యమం అని స్థూలంగా చెప్పుకోవచ్చు.

అయితే ఈ పోలిక సగం దూరమే నడుస్తుంది. రచ్చబండ మీద ఎవరు మాట్లాడుతున్నారో కళ్ళకు కనబడుతుంది. ఆ మనిషి మాట నిలబెట్టుకునేవాడో, కోతలు కోసేవాడో వూరికంతటికీ తెలుసు. పైగా చెప్పిన మాట కాసేపటికి గాలిలో కలిసిపోతుంది. ఫోనులో మాట చెరిగిపోదు. నకలు మీద నకలు పుడుతుంది. పదో నకలు చేతికి వచ్చేసరికి మొదట అన్నదెవరో ఆనవాలు కూడా మిగలదు.

పండితులు చెప్పిన నిర్వచనాలు

2007లో డానా బోయ్డ్, నికోల్ ఎలిసన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇటువంటి తావులకు మూడు గుర్తులు చెప్పారు. ఒకటి, ప్రతివాడికీ తన పేరూ వివరాలతో ఒక పుట వుండాలి. రెండు, తనతో ఎవరెవరికి పరిచయమో చూపే జాబితా వుండాలి. మూడు, ఆ జాబితాలు పట్టుకుని ఒకరి నుంచి ఒకరికి పోతూ చూడగలగాలి. ఈ మూడూ వున్న మొదటి తావు 1997లో వచ్చిన సిక్స్‌డిగ్రీస్ అని వారి లెక్క. ఈ నిర్వచనంలో ముఖ్యమైనది మనుషుల మధ్య వున్న అల్లిక.

2010లో ఆండ్రియాస్ కాప్లాన్, మైకేల్ హేన్‌లైన్ అనే ఇద్దరు ఇంకో వైపు నుంచి వచ్చారు. వాడుకునేవారే సరుకు తయారుచేసి ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే ఇంటర్నెట్ సాధనాలన్నీ ఇందులోకి వస్తాయన్నారు. ఆ లెక్కన వికీపీడియా, యూట్యూబ్, పదిమంది కలిసి ఆడే ఆటలు కూడా సోషల్ మీడియాయే. ఈ నిర్వచనంలో ముఖ్యమైనది సరుకు ఎవరు తయారుచేశారన్నది.

మూడవ మాట లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన మానవశాస్త్రజ్ఞుడు డేనియల్ మిల్లర్ బృందానిది. తొమ్మిది మంది పరిశోధకులు తొమ్మిది చోట్ల పదిహేను నెలల చొప్పున జనంలో కాపురముండి చూశారు. అందులో ఒకటి మన పొరుగునున్న తమిళనాడులోనిది. 2016లో వెలువడిన వారి గ్రంథంలో ఒక చక్కని ఊహ వుంది. పూర్వం ఒకవైపు ఇద్దరి మధ్య రహస్యం, మరోవైపు లోకానికంతా ప్రసారం, ఈ రెండే వుండేవి. ఇప్పుడు మధ్యలో ఎన్నో మెట్లు వచ్చాయి. ఎంతమందికి చెప్పాలి, ఎంత గుట్టుగా చెప్పాలి అన్నది మనిషి తానే కొలిచి ఎంచుకోవచ్చు. ఈ కొలబద్ద నాకు మిగతా రెండింటికంటే నచ్చింది. ఎందుకంటే ఇది "అవునా, కాదా" అని కాక, "ఎంత?" అని అడుగుతుంది. సైన్సులో మనం వేసే ప్రశ్న కూడా అదే గదా!

స్నేహితుల పుట నుంచి అపరిచితుల వరుస దాకా

వస్తువు మారకుండా వుంటే నిర్వచనం తేలికే. కానీ ఈ వస్తువు ఇరవై ఏళ్ళలో చాలా మారింది. 2004లో ఆర్కుట్, ఫేస్‌బుక్ వచ్చాయి. మన అన్నయ్యలూ అక్కయ్యలూ కాలేజీ రోజుల్లో వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది. 2005లో యూట్యూబ్, 2006లో ట్విట్టర్ (2023 నుంచి దాని పేరు ఎక్స్), 2009లో వాట్సాప్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చాయి.

మొదట్లో మనమే వెళ్ళి స్నేహితుడి పుట తెరిచి చూడాలి. 2006లో ఫేస్‌బుక్ వారు అందరి కబుర్లనూ ఒకే వరుసగా పేర్చి మన ముందుకు తెచ్చారు. 2009లో "లైక్" మీట వచ్చింది. ఏది ఎంతమందికి నచ్చిందో యంత్రం లెక్కపెట్టడం మొదలైంది. 2016లో ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ వచ్చిన వేళను బట్టి పేర్చే పద్ధతిని సడలించి, యంత్రం ఎంచిన వాటిని ముందుకు తెచ్చాయి. ఆ తరువాత టిక్‌టాక్ పద్ధతి వచ్చింది. అందులో స్నేహితుల జాబితాతో పెద్దగా పనిలేదు. మనం ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగామో చూసి, ముక్కూమొహం తెలియని వాళ్ళ బొమ్మలను యంత్రమే తెచ్చి చూపుతుంది. మనదేశంలో టిక్‌టాక్‌ను 2020 జూన్ 29న నిషేధించారు. జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ అదే పద్ధతితో ఇక్కడ దిగాయి.

గమనించారా? పేరులో "సామాజికం" వుంది గాని, నేడు జనం అందరికంటె ఎక్కువసేపు చూసే ఆ చిన్న బొమ్మల్లో సమాజం పాలు తక్కువ, యంత్రం పాలు ఎక్కువ. 2007 నాటి మూడు గుర్తులతో కొలిస్తే అవి సగమే నెగ్గుతాయి.

చట్టం చేతిలో నిర్వచనం

పండితుడి నిర్వచనం తప్పితే ఒక వ్యాసం తప్పుతుంది. చట్టం నిర్వచనం తప్పితే మనుషులు నష్టపోతారు. మన భారత ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో చేసిన నియమాల్లో, ఇద్దరు లేక అంతకు మించిన వారి మధ్య సంభాషణకే ప్రధానంగా పనిచేస్తూ, వారు సమాచారాన్ని తయారుచేసి పంచుకునే వీలు కల్పించే సంస్థను సోషల్ మీడియా మధ్యవర్తి అన్నారు. 50 లక్షల మంది నమోదైన వాడుకదార్లు దాటితే అదనపు బాధ్యతలు మీద పడతాయి. ఫిర్యాదులు వినే అధికారి మనదేశంలోనే కాపురముండాలి. సందేశాలు చేరవేసే పెద్ద సంస్థలైతే, అధికారయుతమైన ఉత్తర్వు వచ్చినప్పుడు, ఒక సందేశం మొదట ఎవరి నుంచి బయలుదేరిందో చెప్పగలగాలి. ఈ నియమం మీద వాట్సాప్ 2021 మే నెలలో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. అంటే మన నియమాల దృష్టిలో వాట్సాప్ లోపలి సరుకే.

ఇప్పుడు ఆస్ట్రేలియా చూడండి. అక్కడి పార్లమెంటు 2024 నవంబరులో ఒక చట్టం చేసింది. పదహారేళ్ళు నిండని పిల్లలకు సోషల్ మీడియాలో ఖాతా వుండకూడదు. 2025 డిసెంబరు 10న అది అమలులోకి వచ్చింది. తగిన జాగ్రత్త తీసుకోని కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. పిల్లలకూ తల్లిదండ్రులకూ శిక్ష లేదు. మరి ఏవేవి సోషల్ మీడియా? ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, ఎక్స్, రెడిట్ వంటివి జాబితాలోకి వచ్చాయి. వాట్సాప్ రాలేదు! ప్రధానంగా సందేశాలకు వుపయోగపడేవాటిని మినహాయించారు. యూట్యూబ్‌ను మొదట మినహాయిస్తామని చెప్పి, 2025 జూలైలో ఆ మాట మార్చి లోపల చేర్చారు.

ఒకే వాట్సాప్ ఇక్కడ అవును, అక్కడ కాదు. రెండు ప్రభుత్వాలలో ఒకటి పొరబడిందా? అలా కాదని నా అభిప్రాయం. వారు వేసిన ప్రశ్నలు వేరు. ఆస్ట్రేలియా వారు "పిల్లవాడిని వదలకుండా కూర్చోబెట్టేది ఏది?" అని చూశారు. మనవాళ్ళు "పుకారు ఏ దారిన పోతోంది?" అని కూడా చూశారు. ప్రశ్నను బట్టి గీత పడింది.

మూడు ప్రశ్నల పరీక్ష

మరి మనలాంటి సామాన్యులకు పనికివచ్చే లిట్మస్ కాగితం ఏది? పై నిర్వచనాలన్నీ వడగట్టగా నాకు మూడు ప్రశ్నలు మిగిలాయి.

1. మాట్లాడేది ఎవరు? వాడుకునేవాళ్ళేనా, లేక ఒక సంస్థా?
2. వినేది ఎందరు? వాళ్ళు తిరిగి మాట్లాడగలరా?
3. ముందు ఏది కనబడాలో నిర్ణయించేది ఎవరు? మనమా, గడియారమా, యంత్రమా?

ఇక ఒక్కొక్కటే ముంచి చూద్దాం. పత్రికవారి వెబ్‌సైటులో రాసేది విలేఖరులు. కాబట్టి అది దండోరాయే, ఫోనులో చదివినంత మాత్రాన మారదు. డబ్బు పంపే ఫోన్‌పే వంటివాటిలో పని డబ్బుతో, మాటలతో కాదు. వికీపీడియాలో రాసేది జనమే అయినా స్నేహితుల జాబితా లేదు, మనకు కావలసింది మనమే వెతుక్కుంటాం. అది నలుగురూ కలిసి నింపే గ్రంథాలయం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో మాట్లాడేది జనం, వినేది వేలమంది, వరుస పేర్చేది యంత్రం. మూడు ప్రశ్నలకూ కాగితం ఎర్రబడింది.

వాట్సాప్ దగ్గరే అసలు తమాషా. అమ్మకు పంపే సందేశం ఉత్తరం. మా క్లాసు గ్రూపు రచ్చబండ. అక్కడ వరుస పేర్చేది గడియారం. 2023లో వచ్చిన ఛానెళ్ళు దండోరా. ఒకరు చెబుతారు, లక్షలమంది వింటారు, తిరిగి మాట్లాడే వీల్లేదు. అంటే ఒకే ఇంటిలో మూడు గదులు! కాబట్టి "వాట్సాప్ సోషల్ మీడియా అవునా?" అన్న ప్రశ్నే సరిగా లేదు. "నువ్వు ఇప్పుడు ఏ గదిలో వున్నావు?" అని అడగాలి. ఆ రాత్రి హాస్టల్లో వాదన తెగకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

మొదటి ప్రశ్నకు ఒక అనుబంధం. మెచ్చుకోవడం కూడా మాట్లాడటమేనా? 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్‌లో ఒక వ్యాఖ్య రాసినందుకు ఒక యువతినీ, దానిని మెచ్చుకున్నందుకు ఆమె స్నేహితురాలినీ అరెస్టు చేశారు. దేశమంతా దీనిమీద దుమారం లేచింది. అటువంటి అరెస్టులకు ఆధారమైన 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది.

గొలుసు చర్య

రచ్చబండ గదిలో గడియారమే వరుస పేరుస్తుంది గదా, యంత్రం లేదు గదా, ఇక భయమెందుకు అనుకోవచ్చు. అక్కడ యంత్రం పని మనుషులే చేస్తారు. దీనికి మనకు తెలిసిన పోలిక అణు గొలుసు చర్య. యురేనియం 235 పరమాణువు ఒకటి పగిలితే సగటున రెండున్నర న్యూట్రాన్లు వస్తాయి. వాటిలో కనీసం ఒకటి ఇంకో పరమాణువును పగలగొడితే చర్య సాగుతుంది. ఒకటికంటె ఎక్కువైతే పెరుగుతుంది, తక్కువైతే ఆరిపోతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒకడు ఒక సందేశాన్ని ఐదు గ్రూపులకు పంపాడు. గ్రూపుకు 200 మంది అనుకుందాం. చదివిన నూటికి ఒక్కడే దాన్ని మళ్ళీ ఐదు గ్రూపులకు పంపాడనుకుందాం. మొదటి విడత 1,000 మంది చదువుతారు. వారిలో పదిమంది పంపితే రెండవ విడత 10,000. మూడవ విడత లక్ష. నాలుగవ విడత పది లక్షలు. అదే, ఒక్కొక్కరు ఒక్క గ్రూపుకే పంపగలిగితే? మొదటి విడత 200, తరువాత 400, 800, నాలుగవ విడత 1,600. పది లక్షలెక్కడ, పదహారు వందలెక్కడ!

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతటా పుకార్లు వ్యాపించాయి. ఆ ఏడు జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో సంచార జాతికి చెందిన ఐదుగురిని అనుమానంతో కొట్టి చంపేశారు. ఆ నెలలోనే వాట్సాప్ మనదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకే పంపేలా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే ఐదారు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపేలా మార్చింది. అటువంటి సందేశాలు 70 శాతం తగ్గాయని కంపెనీ ప్రకటించుకుంది. రియాక్టరులో న్యూట్రాన్లను మింగే కడ్డీలు చేసే పనే ఇది. కానీ ఆగిపోలేదు. పై లెక్కలో చదివిన 400 మందిలో ఒక్కడు మాత్రమే పంపితే గొలుసు దానంతట అదే ఆరిపోతుంది. కడ్డీలలో సగం కంపెనీ దగ్గరుంటే, మిగతా సగం మన వేళ్ళ దగ్గరుంది.

మిరప చేలో

మాది పల్నాడులో మిరప పండించే కుటుంబం. 2021-22 పంటకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిరప పూత మీద నల్ల తామర పురుగు దిగింది. మనదేశంలో దీనిని 2015లో బొప్పాయి మీద మొదట గుర్తించారు. పూలలో దూరి రసం పీలుస్తుంది, పూత రాలిపోతుంది. ఏ మందు కొట్టాలో ఎవరికీ పాలుపోని రోజులవి.

అప్పుడు మా రైతుల గ్రూపులో ఒక సందేశం వచ్చింది. పైన "శాస్త్రవేత్తల సలహా" అని వుంది. మూడు మందులు కలిపి కొడితే రెండు రోజుల్లో పురుగు మాయమని రాసి వుంది. మా నాయన నాచేత చదివించుకుని, "ఎవరు రాశారురా ఇది?" అన్నాడు. పేరు లేదు. "ఏ వూరు?" అన్నాడు. అదీ లేదు. "ఊరూ పేరూ లేని మాటకి డబ్బా మూత తియ్యనురా" అని వూరుకున్నాడు. మా పెదనాన్నది కౌలు చేను. ఆగే ఓపిక ఆయనకెక్కడిది? అప్పు తెచ్చి కొట్టాడు. ఆకులు మాడి ముడుచుకుపోయాయి, వున్న పూతా రాలింది, పురుగు మాత్రం పోలేదు. ఆ సందేశం ఎక్కడ పుట్టిందని ఆరా తీస్తే ఒకరు వియ్యంకుడి పేరు, ఆయన బావమరిది పేరు, ఆ బావమరిది ఇంకో గ్రూపు పేరు చెప్పారు. అంతటితో దారి మూసుకుపోయింది. పెదనాన్న ఆ ఏడు కౌలు కట్టడానికి గేదెను అమ్మాడు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అదే గ్రూపులో నీలం రంగు జిగురు అట్టలు పెట్టమనీ, మందులు ఇష్టం వచ్చినట్టు కలిపి కొడితే పురుగును తినే మిత్రపురుగులు చచ్చిపోతాయనీ వ్యవసాయ శాఖ అధికారి ఒకరు తన పేరూ, హోదా, ఫోను నంబరుతో సహా పెట్టారు. ఆయనకు ఫోను చేసి అడిగినవాళ్ళున్నారు. ఈనాటికీ గుంటూరు యార్డు ధర మాకు తెల్లవారేసరికి తెలిసేది ఆ గ్రూపు వల్లనే. గది ఒకటే. ఒక మాటకు యజమాని వున్నాడు, ఇంకో మాటకు లేడు. ఆ తేడా పట్టుకోగలిగితే గ్రూపు వుపకారి, పట్టుకోలేకపోతే కాదు.

ఇంట్లో ఎలా చెప్పాలి

మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకు ఫోను నేర్పేది మనమే. ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెబుతాం గాని, ఏ గదిలో కాలు పెట్టారో చెప్పం. అల్గారిథం, ప్లాట్‌ఫాం వంటి మాటలు వాళ్ళకు అక్కరలేదు. "ఇది వుత్తరం నాయనా, ఇది దండోరా, ఇది రచ్చబండ" అంటే మా అమ్మకు ఒక్క పూటలో అర్థమైంది. రీల్స్ గురించి, "ఇక్కడ నీకు ఏది చూపాలో ఎవడో కొట్టువాడు ఎంచి పెడుతున్నాడు, నువ్వు ఎంతసేపు కూర్చుంటే వాడికి అంత లాభం" అన్నాను. "అయితే సంతలో గారడీవాడి లాగానన్నమాట" అంది. ఇంతకంటె మంచి నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

కావున మిత్రులారా, ఈ సంక్రాంతి సెలవులకు వూరు వెళ్ళినప్పుడు ఒక్క పూట కేటాయించండి. ఇంట్లోవాళ్ళ ఫోనులో వున్న గ్రూపులు ఒక్కొక్కటే తెరిచి, అందులో మాట్లాడేది ఎవరో, వినేది ఎందరో, వరుస పేర్చేది ఎవరో వాళ్ళతో కూర్చుని చూడండి. పేరు లేని సలహా ఏదైనా కనిపిస్తే, అది పంటకైనా ఒంటికైనా, పంపినవాడికి ఫోను చేసి "నీకు ఎవరు చెప్పారు?" అని వాళ్ళచేతే అడిగించండి. మొదటిసారి కాస్త మొహమాటంగా వుంటుంది. మా వూళ్ళో ఇప్పుడు ఆ ప్రశ్న అడగడం అలవాటైంది.